కొళాయి దగ్గర రోమన్

ఆదోని దగ్గర పల్లెలో కొళాయి ముందు బిందెల వరుస ఉంది. రెండువేల ఏళ్ల కిందటి రోమన్ ఇంజనీరు ఒకడు, ఎట్లా వచ్చాడో, వచ్చి అందరికంటే ముందు నిలబడ్డాడు. ఒకామె అడ్డుకుంది.

“యాడిదప్పా మీ ఊరు? దుప్పటి సుట్టుకోని వచ్చినావు?”

“రోమ్. కొండల నుంచి ఊరికి కాలువ కట్టించింది నేనే. నీళ్లు రాత్రింబవళ్లు పారేవి. మీకో?”

“ఐదు దినాలకొకతూరి. ఈపొద్దు పట్టకపోతే పిల్లోళ్లకు తాగను సుక్క లేదు.”

“చేతిలో ఆ పలకేమిటి?”

“ఫోను. బళ్లారిలో ఉండే మా చెల్లెలు దీంట్లో కనపడతాది.”

“అద్భుతం! నీళ్లు కూడా వస్తాయా?”

“దీంట్లో రావు. అదో, కొళాయిలో వచ్చినాయి. జరుగు!”

“నేను రాజధానికే నీళ్లు తెచ్చినవాణ్ణి!”

“తెచ్చినావులేప్పా. ఈడ మనుషులు నిలబడితే వరస కాదు. నీ బిందె యాడ?”