గుల్షన్ తరఫున

రెండువేల ఇరవైనాలుగు ఎండాకాలంలో మొదలైందమ్మా మా ఆవిడ గుల్షన్‌కి ఈ బాధ. ఏడాదిన్నరగా డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నాం. మొగుణ్ణి పట్టుకుని బయట కూర్చోమన్న డాక్టర్ని మాత్రం ఇవాళే చూశాను!

నవ్వకమ్మా. నర్సమ్మా, రూతు కదూ నీ పేరు? బ్యాడ్జీ చదివాన్లే. నలభై దాటాక రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలివి, ఊరికే పోనిస్తానా? కాస్త ఆ తలుపు తియ్యి తల్లీ. ఫైలు నా దగ్గరుంటే లోపల ఆవిడేం చెబుతుంది?

ఏమిటీ, కన్ను ఆవిడది కాబట్టి ఆవిడే చెప్పాలా? బాగుంది! పెళ్లయి నలభై రెండేళ్లు. ఆవిడకి ఎక్కడ నొప్పి పుట్టినా డాక్టర్లకి చెప్పేది నేనే.

మా చల్లపల్లిలో వెంకటసుబ్బారావు డాక్టరుగారున్నారు. మీ రుచిత మేడం ఆయన్ని చూసి నేర్చుకోవాలి. ఎంత పెద్దమనిషి! తల ఎత్తడు, ఎదురు ప్రశ్న వెయ్యడు. నేను ఆయనతో మాట్లాడతాను, ఆయన కంప్యూటర్‌తో మాట్లాడతాడు, గుల్షన్ గోడమీది క్యాలెండర్ చూస్తూ కూర్చుంటుంది. "తలనొప్పండీ" అంటాను. "వయసు" అంటాడు. మాత్రలు రాస్తాడు. రెండే నిమిషాలు!

ఈవిడో? కుర్చీ ముందుకు జరుపుకుని, మా ఆవిడ చెయ్యి పట్టుకుని, "మొదట్నుంచీ చెప్పండమ్మా" అంటుంది. నేను నోరు తెరిచానో లేదో, "తాతగారూ, మీరు కాసేపు బయట కూర్చోండి" ట. తాతగారట! పరుపులు కుట్టే కరిముల్లాని, ఇంకా రోజుకి రెండు పరుపులు కుట్టి పడేస్తాను నేను.

అరగంటయింది. గుల్షన్ దగ్గర అరగంట మాటలున్నాయా అసలు? విను, నవ్వుతోంది కూడా... కాదు, ఏడుస్తోంది. ఏడుస్తోందమ్మా! పోనీ నువ్వు వెళ్లి కనుక్కునిరా.

ఆఁ, వచ్చావా? ఏం చెప్పిందట? దీపం చుట్టూ రంగులు కనపడుతున్నాయనా? ఎడమ పక్కన మనుషులు మసగ్గా ఉన్నారనా?

ఎలా తెలుసంటే... నాతో చెప్పిందమ్మా. మొదటి నెలలోనే. డాక్టరు దగ్గరికి బయల్దేరిన ప్రతిసారీ, "ఈసారన్నా ఆ రంగుల సంగతి చెప్పండి" అనేది. రంగులేమిటి, దీపమేమిటి? అంత చదువుకున్న మనిషి ముందు ఈ పిచ్చి కబుర్లు చెబితే నన్నేమనుకుంటాడు? తలనొప్పి అన్నాననుకో, పెద్దమనిషి తరహాగా ఉంటుంది. ప్రతిసారీ తలనొప్పే అన్నాను.

కంట్లో ప్రెషరా? అప్పుడే చెప్పుంటే చుక్కల మందుతో ఆగేదా?

ఆ చల్లపల్లి డాక్టరుగారు ఆవిణ్ణి అడగలేదమ్మా, ఒక్కసారీ అడగలేదు. ఒకసారి తల ఎత్తి "ఏమ్మా" అనబోయాడు. "ఆవిడకేం తెలుసండీ, నన్నడగండి" అన్నాను.

కుడి కన్ను నిలబెడతామన్నారా? సరే.

ఎడమ కన్ను పోయింది.