ఎవలేసిన ఉప్పు

మొన్న శుక్రవారం పొద్దుగాల పదింటికి డాక్టరు సారూ, మీరు మా షెడ్డుల సచ్చిన కోడిని కోసి చూసి, "ఉప్పు ఎక్కువైంది" అన్నరు. గంతే అన్నరు. చేతులు కడుక్కొని బండెక్కి ఆర్మూర్‌కు వచ్చేసిండ్రు. గాడ ఇంటోళ్ళందరు నా దిక్కు తిరిగిండ్రు.

యాదికున్ననా? ఎట్లుంట, మీరు ఎన్ని ఊర్లు తిరుగుతరు. దొంకేశ్వర్ బాట మీద కోళ్ళ షెడ్డు గంగాకిషన్ లేడా, ఆయన అక్కను. రత్నవ్వ అంటరు. నా పెనిమిటి పోయినంక తమ్మునింట్లనే ఉంటున్న.

కూసోను సారూ. నిలవడే చెప్త.

గా ముందు రోజు షెడ్డుకు దిష్టి తీసిన. నేనే, కాదంటలేను. కోళ్ళు కొనేటాయన వచ్చి, "ఏం పెంచినవ్ గంగాకిషన్, ఒక్కొక్కటి పొట్టేలు లెక్కున్నయ్" అని పోయిండు. గా మాటన్న సంది కోళ్ళు ఒక్కతీరు నీళ్ళు తాగుడు, కింద ఊకంత తడుసుడు. నాకు పానం ఆగలే. పిడికెడు దొడ్డుప్పు పట్టుకొని షెడ్డు సుట్టు తిరిగిన. మా అవ్వ పసుపు కుప్పలకు గిట్లనే తీసేది. తమ్ముడు దుబాయ్ పోయేనాడు గూడ నేనే తీసిన, అప్పుడెవలు ఏమనలే.

తీసిన ఉప్పును నీళ్ళల్ల కరిగియ్యాలె కద. కరిగిచ్చిన. గాని బకెట్ల కలిపి, మూడు బాటల కాడ పారబోసిన. కోళ్ళు తాగే ట్యాంకుల ఎందుకేస్త సారూ? దిష్టి ఉప్పు నోరులేని జీవానికి తాపుతరా ఎవలన్న?

తెల్లారేటాళ్ళకు కోళ్ళు కుప్పలు కుప్పలు పడ్డయ్. మీరొచ్చి ఉప్పు అన్నరు. ఇగ ఎవలు ఇంటరు నా మాట?

మా మరదలు సంధ్యారాణి ఏమన్నదో తెల్సా? "వదినె, నీ భక్తి అంతా ట్యాంకులనే కరిగింది" అన్నది. ఇప్పుడు నేను షెడ్డు దిక్కు పోవద్దట. పసుపు కల్లం దిక్కు గూడ పోవద్దట. బీడీల కార్ఖానకు పోతే ఒకామె, "రత్నవ్వా, మా పప్పుల ఉప్పు తక్కువైంది, జర వచ్చి తొంగి చూసిపో" అన్నది. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. నవ్వకపోతే నిజమే అనుకుంటరు కద.

తమ్ముడు మాత్రం నేలకు చూసుకుంట కూసున్నడు. కోళ్ళు పోయిన రంది అనుకున్న.

గందుకే వచ్చిన సారూ, ఒక్క మాట అడగనీకి. పిడికెడు ఉప్పుకు గంత షెడ్డు సస్తదా?

సావదా? మరి?

దాణానా? కంపెనీది కాదు, తమ్ముడే కలుపుతడు. మా మక్కలే పట్టిస్తడు. సోయా చెక్క, మినరల్ పొడి, జర ఉప్పు. ఉప్పు అసలే లేకుంటే కోడి ఎదగదు, ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటయ్ అని దాణా దుకాణమాయన చెప్పిండట. గది నిజమేనా? సరే. ఎప్పుడు కలిపేటంతనే కలిపిండు, నేను చూసిన.

కొత్తగనా? కొత్తగ ఏం లేదు... ఆఁ, ఎండు చేపల పొడి. సోయా పిరమైందని మెండోర దిక్కు పోయి సంచి తెచ్చిండు. ఎప్పుడంటె, గా నీళ్ళు తాగుడు మొదలైతానికి జర ముందట.

ఏందీ?

అవు. చేపలకు ఉప్పేసే కద ఎండబెడ్తరు. చిన్నప్పటి సంది వండుతున్న, కడిగి కడిగి వండుతం. కోళ్ళకెవలు కడుగుతరు. చేపలల్ల ఒక ఉప్పు, దాని మీద తమ్ముడేసే ఉప్పు.

జర కూసుంట సారూ.

నీళ్ళొద్దు. ఒకటి యాదికొచ్చింది. మీరొచ్చే ముందట తమ్ముడు గా సంచిని భుజానేసుకొని పోయి, పసుపు ఉడకబెట్టే కడాయి ఎన్క పెట్టిండు. "ఎందుకురా" అంటే, "వాసనొస్తుందక్కా, డాక్టరు సారు వస్తుండు" అన్నడు. టార్పాలిన్ నేనే కప్పిన.

అంటే వానికి ఎరికే. మీరు అనకముందే ఎరికే.

మీరొచ్చి చెప్తరా? వద్దు సారూ. మీరు చెప్తే ఇంటరు, నమ్ముతరు గూడ. గాని నేను దేవునికి చెప్పిన మాటను మీరెట్ల ఎన్కకు తెస్తరు?

మీరొచ్చి పోయిన తెల్లారి శనివారం. పొద్దుగాల్నే ఇంటిల్లిపాది హనుమాండ్ల గుడికి పోయినం. సంధ్యారాణి నన్ను తడిబట్టలతోని గుడి సుట్టు తిప్పిచ్చింది. అయ్యగారు, "అందరు ఇనేటట్టు చెప్పుకో రత్నవ్వా, బరువు దిగుతది" అన్నడు. "నా ఉప్పుతోనే పోయినయ్ స్వామీ, తప్పు నాది" అని చెప్పుకున్న. మీరు ఉప్పన్నరు, ఇంటోళ్ళు నన్నన్నరు, ఏమో నా చేతి నుంచి ఏమన్న జారిందో అని నాకే అనుమానమైంది. గంట కొట్టిందెవలు అనుకున్నరు? గంగాకిషనే. నా పక్కన నిలవడి కొట్టిండు.

మందిల నా మీద పెడితే ఊకుందు. దేవుని ముందట నాతోని అబద్ధం చెప్పిచ్చిండు.

గుడి నుంచి ఇంటికొచ్చి అందరం ఛాయ్ తాగినం. తమ్ముడు నా కప్పుల ఇంకో చెంచ చక్కెరేసి, "తాగక్కా, సల్లారుతది" అన్నడు.

తాగిన.