మోచేయి ఆగినచోటు

అధ్యక్షస్థానంలో ఉన్న రిజిస్ట్రార్ శశిభూషణ్ గారికి, ముఖ్య అతిథిగా శ్రమ తీసుకుని వచ్చిన మా పాత చీఫ్ మెడికల్ ఆఫీసర్ డాక్టర్ రఘువీర్ గారికి, ముందు వరసలో ఉన్న ఆచార్యులకు, కుర్చీలు చాలక గోడవార నిలబడ్డ హెల్త్ సెంటర్ సిబ్బందికి, పొయ్యి మీద పప్పు పెట్టి పరుగెత్తుకొచ్చిన హాస్టల్ మెస్ వాళ్లకు, తార్నాక మెట్రో దగ్గర దిగి ఆటో దొరక్క ఎండలో నడిచొచ్చిన మా బౌద్ధనగర్ చర్చి ఆడవాళ్లకు, అందరికీ హెలెన్ నమస్కారాలు. ఈ శాలువా కాస్త పక్కన పెడతాను, ఏమీ అనుకోకండి. మే నెలాఖరులో ఉన్ని శాలువా కప్పించుకున్న మనిషి ఎక్కువసేపు మర్యాదగా మాట్లాడటం కష్టం. (నవ్వులు)

నాకంటే ముందు అయిదుగురు మాట్లాడారు. నలుగురు నావి బంగారు చేతులన్నారు. అయిదో ఆయన, మన ఎస్టేట్ ఆఫీసరు గారు, మసాజ్ మేడమ్ లేని లోటు తీరదన్నారు. సార్, ముప్పై ఒక్క ఏళ్ల నుంచి చెబుతున్నాను, నేను మసాజ్ చెయ్యను, ఫిజియోథెరపీ చేస్తాను. మీ నడుం పట్టేసినప్పుడల్లా వచ్చి నా బల్లమీద బోర్లా పడుకుని అయిదు నిమిషాల్లో గురకపెట్టేవారు కాబట్టి, ఆ తర్వాత నేను ఏం చేశానో మీకు తెలిసే అవకాశం లేకపోయింది. (నవ్వులు)

కాబట్టి ఉద్యోగంలో చివరి రోజైనా ఒకసారి చెప్పనివ్వండి. రెండు ఎముకలు ఒకదానిమీద ఒకటి జారే చోటు కీలు. ప్లాస్టర్‌లో ఆరు వారాలు కదలకుండా ఉంటే ఆ జారుడు పోతుంది. అప్పుడు మేం ఒక ఎముకను కదలకుండా పట్టుకుని రెండోదాన్ని వేళ్లతో మెల్లగా, పక్కన నిలబడినవాళ్ల కంటికి కూడా కనిపించనంత మెల్లగా, జరుపుతాం. కీలు వదులయ్యాక కండను సాగదీస్తాం. సాగిన కండకి ఇసుక మూటతోనో నీళ్ల సీసాతోనో బలం తెప్పిస్తాం. ఈ వరస తప్పకూడదు, తొందరపడకూడదు. చూసేవాళ్లకి ఇందులో ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. అందుకే పన్నెండేళ్ల కిందట మెరిసే మెషీన్లు వచ్చినప్పుడు వాటికి ఏసీ హాలిచ్చి, రిబ్బన్ కత్తిరించి, నా బల్లను మాత్రం స్టోర్ రూం పక్కకి తోశారు. వాన పడితే ఆ గది తలుపు ఉబ్బి మూసుకునేది. దాన్ని కూడా నేనే మెల్లగా జరిపి తెరుచుకునేదాన్ని.

మా చదువులో మొదటి ఏడాదే నేర్పే సంగతి ఇంకొకటుంది. కీలును కదుపుతూ పోతే ఒకచోట ఆగుతుంది. మెత్తగా ఆగిందా, తోలు లాగినట్టు ఆగిందా, గోడకి తగిలినట్టు ఆగిందా అన్నది పట్టుకున్న వేళ్లకి తెలుస్తుంది. ఒక్కోసారి దారి మధ్యలోనే కండ ఉలిక్కిపడి బిగుసుకుంటుంది. ఒళ్లు వద్దని చెబుతోందన్నమాట. అప్పుడు వదిలెయ్యాలి. దెబ్బ తగిలిన మోచేతి విషయంలో అయితే మరీను. దాన్ని బలవంతంగా వంచితే కండలో నెత్తురు గూడుకట్టి, అది ఎముకైపోతుంది. ఇదంతా నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను. ఇక మీరు నవ్వే మాటలు అయిపోయాయి.

వెనకనుంచి రెండో వరసలో, ఆకుపచ్చ చీర కట్టుకుని తలుపు పక్కన కూర్చున్నావిడ పేరు ఈరమ్మ. ఇక్కడున్న పిల్లలకి తెలియదు గానీ, ఎనిమిదేళ్ల కిందటిదాకా మన హాస్టల్లో నాలుగు వందల మందికి రోజూ అన్నం వార్చింది ఈవిడే. ఒక వేసవిలో గంజి ఒలికిన నేలమీద జారి కుడి మోచేయి విరగ్గొట్టుకుంది. ప్లాస్టర్ తీశాక నా దగ్గరికి వచ్చింది. మోచేయి పూర్తిగా చాపితే సున్నా, పూర్తిగా మడిస్తే నూట నలభై డిగ్రీలు. ముద్ద నోటిదాకా వెళ్లాలంటే నూట ముప్పై కావాలి. ఈరమ్మది తొంభై అయిదు దగ్గర ఆగిపోతోంది. రెండు వారాలు నా పద్ధతిలో చేస్తే నూట పది వచ్చింది. ఇంకో రెండు నెలలు పడుతుందని చీటీలో రాశాను.

ఆ నెలలోనే మన యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం వస్తోంది. రఘువీర్ గారూ, మంచినీళ్లు తాగండి సార్, నేనూ తాగుతాను.

హెల్త్ సెంటర్ కారిడార్‌లో ఫోటోలు పెట్టాలన్నారు. చికిత్సకు ముందు, చికిత్స తరువాత. డాక్టర్ గారు నా గదికి వచ్చి, ఈ మెస్సావిడ కేసు బాగుంది, పది రోజుల్లో నూట ముప్పై తెప్పించు హెలెన్, అన్నారు. అవదు సార్, అన్నాను. ‘నువ్వు మరీ సుతారంగా పడతావమ్మా, కాస్త తోస్తే అదే వస్తుంది’ అన్నారు. ఆ మాట అని ఆయన వెళ్లిపోయారు. గదిలో ఈరమ్మ, నేనే ఉన్నాం. ఆవిడ కూడా అదే మాట అంది. ‘గట్టిగ వంచమ్మా, నేను ఓర్సుకుంట. ఒకటో తారీకు హాస్టల్ తెరుస్తున్నరు, నేను పనిల ఉండాలె’ అంది. తువ్వాలు మడిచి పళ్లమధ్య పెట్టుకుంది.

తోశాను. మొదటిరోజే కండ ఉలిక్కిపడి బిగుసుకోవడం నా వేళ్లకి తెలిసింది. అయినా తోశాను. రెండోరోజుకి మోచేయి వేడెక్కింది, మూడోరోజుకి వాచింది, నేను తోస్తూనే ఉన్నాను. ఎనిమిదోరోజు ఫోటోగ్రాఫర్ వచ్చాడు. ఆ ఫోటో ఇప్పటికీ కారిడార్‌లో వేలాడుతోంది, భోజనానికి వెళ్లేటప్పుడు చూడండి. ఈరమ్మ చెయ్యి చక్కగా మడిచి ఉంటుంది. మోచేతి కింద, ఫోటో అంచున, ఒక బొటనవేలు కనిపిస్తుంది. అది నాది. నేను చెయ్యి వదిలితే మడత నిలవదని పట్టుకుని ఉన్నాను.

తనిఖీ బృందం ఆ ఫోటో ముందు నిలబడి మెచ్చుకుంది. నెల తిరిగేసరికి ఎక్స్‌రేలో, ఎముక ఉండకూడని చోట ఎముక కనిపించింది. తొంభై దగ్గర ఆ చెయ్యి బిగుసుకుపోయింది. ఇటు చాపడానికి లేదు, అటు మడవడానికి లేదు. ఈరమ్మ మెస్ పని పోయింది. పనిలో ఉండగా తగిలిన దెబ్బ కాబట్టి కమిటీ వేశారు. దానికి అధ్యక్షులు అప్పటి డీన్ శశిభూషణ్ గారు. ఆ కమిటీ రాసిన వాక్యం నాకు బైబిల్ వచనాలకంటే బాగా నోటికి వచ్చు. ‘రోగి ఇంటివద్ద చేయవలసిన వ్యాయామములు చేయనందున, స్వీయ నిర్లక్ష్యము వలన మోచేయి బిగిసిపోయినది.’ కింద చికిత్స చేసినవారి సంతకం ఉండాలి. పెట్టాను.

ఎందుకు పెట్టావని నన్ను ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెబుతాను. ఆ ఏడాది నా ప్రమోషన్ ఫైలు డాక్టర్ గారి బల్లమీద ఉంది. ఇందాక చదివిన సన్మానపత్రంలో నా పేరుకి ముందు ‘సీనియర్’ అన్న మాట మూడుసార్లు వచ్చింది, గమనించారా? అది అక్కడినుంచి వచ్చింది. ఇంటి దగ్గర వ్యాయామాలు ఈరమ్మ రోజుకి మూడుసార్లు చేసింది. నేను ఒక్కోసారికి నాలుగు చాలన్నచోట పది చేసింది. ఆవిడ చెయ్యనిది నామీద ఫిర్యాదు మాత్రమే.

నాలుగేళ్ల తర్వాత నల్లకుంటలో, మా సెంటర్ ఆయా వాసంతి కూతురి పెళ్లిలో, ఆవిడ మళ్లీ కనపడింది. అందరూ పంక్తిలో కూర్చుంటే తను చేతులు కడుక్కునే చోట నిలబడి ఉంది. తిన్నావా ఈరమ్మా, అన్నాను. ‘ఇంటికాడ తింటనమ్మా. కుడి చెయ్యి నోటికి అందుతలేదు గద. ఎడమ చేత్తోని తింటుంటే పక్కనోళ్లు జరిగి కూసుంటున్నరు’ అంది. పైగా నన్నే ఓదార్చింది. ‘నీదేం తప్పు లేదమ్మా, నేనే గట్టిగ వంచమన్న’ అంది. ఆ మాటని అడ్డం పెట్టుకుని ఇంకొన్నాళ్లు బతికాను. దేవుడికి చాలాసార్లు చెప్పుకున్నాను. ఆయన క్షమిస్తాడేమో గానీ, ఆఫీసులో ఫైలు మార్చడు కదా.

ఆ ఫైలుతో ఇప్పుడు పనేమిటంటారా? లైబ్రరీ గేటు దగ్గర సంచులకి టోకెన్లు ఇచ్చే పని ఉంది. ఒక చెయ్యి చాలు. దానికి ఈరమ్మ రెండుసార్లు అర్జీ పెట్టింది. రెండుసార్లూ ఆ వాక్యమే చూపించి, తన నిర్లక్ష్యం వల్ల వచ్చిన వైకల్యం కాబట్టి వీలుపడదని తిప్పి పంపారు. మూడో అర్జీ ఈరోజు రిజిస్ట్రార్ గారి బల్లమీద ఉంది.

(అధ్యక్షులు: ‘హెలెన్ గారూ, ఇవి ఆఫీసులో మాట్లాడుకుందాం, ఇది శుభకార్యం...’)

ఆఫీసులో మాట్లాడాను సార్. మొదటిసారి ఫైలు దొరకలేదన్నారు. రెండోసారి, సంతకం పెట్టినవాళ్లు సర్వీసులో ఉండగా రాతపూర్వకంగా ఇస్తే తప్ప కమిటీ రిపోర్టు ముట్టుకోం అన్నారు. రాసి పట్టుకెళితే మీ పేషీలో తీసుకుని చదివి, చాలా బాగా రాశారమ్మా అని నా చేతికే తిరిగి ఇచ్చారు. ఇన్‌వర్డ్ నంబరు పడని కాగితం రానట్టే లెక్క అని ఈ క్యాంపస్‌లో ఎవరికి తెలియదు? ఈ సాయంత్రం అయిదు గంటలదాకా నేను సర్వీసులోనే ఉన్నాను. ఇప్పుడు పన్నెండూ నలభై.

ఇన్‌వర్డ్ సెక్షన్ పరుశురాం ఎక్కడున్నాడు? పొద్దున ముద్రా రిజిస్టరూ పట్టుకుని రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు, వాడి తప్పేమీ లేదు. తెచ్చావా నాయనా?

(సభలోంచి: ‘తెచ్చిన మేడం. ఇంకు ప్యాడ్ సుత ఉన్నది.’) (నవ్వులు)

ఇలా రా. ఇది నా ఉత్తరం. అందరూ వినండి, ఒక పేజీయే. వ్యాయామాలు చేయలేదన్న వాక్యం అబద్ధమనీ, కండ వద్దంటున్నా ఎనిమిది రోజులు బలవంతంగా తోసింది నేనేననీ, తొయ్యమన్నది చీఫ్ మెడికల్ ఆఫీసర్ గారనీ, కమిటీ ఈరమ్మను ఒక్క ప్రశ్న కూడా అడగలేదనీ, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాననీ ఇందులో ఉంది. నాకు వచ్చే శిక్ష ఏదైనా ఉంటే తీసుకుంటానని కూడా ఉంది. రఘువీర్ గారూ, తోసింది మీ చెయ్యి అని నేను రాయలేదు. చెయ్యి నాదే. మీరు చెప్పిన మాట మాత్రం మీరు చెప్పినట్టే రాశాను.

వెయ్యి పరుశురాం. సార్ వంక చూడకు. కాగితం అందిందని ముద్ర వెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని రూలు చెప్పింది నువ్వే కదా.

(ముద్ర పడిన చప్పుడు.)

నంబరు పైకి చదువు.

(‘పదకొండు వందల నలభై రెండు, మేడం.’)

పదకొండు వందల నలభై రెండు. రెండు వందల మంది విన్నారు. ఇక ఈ కాగితం పోదు.

రేపటినుంచి నా గదిలో కూర్చోబోయే జ్యోతిర్మయి ఇక్కడే ఉంది. నిన్న నాకోసం చక్కటి ధన్యవాదాలు టైపు చేసి ఇచ్చింది, చదవలేకపోయాను, ఏమీ అనుకోకమ్మా. మా వృత్తికి సంబంధించి నేను నీకిచ్చేది ఒకటే. నీ వేళ్లు ఆగమన్నచోట ఆగు. ఆపైన తొయ్యమని ఎవరైనా అంటే, ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వమను. అడిగి చూడు, చాలామందికి అప్పటికప్పుడు వేరే పని గుర్తొస్తుంది. నేను అడగలేదు. నువ్వు అడుగు. కారిడార్‌లో ఫోటో తీసెయ్యొద్దు. కొత్తగా వచ్చే పిల్లలకి ఆ బొటనవేలు చూపించు.

నా మీద ఇన్ని మంచి మాటలు చెప్పినవాళ్లందరికీ కృతజ్ఞతలు. అవి నేను పూర్తిగా సంపాదించుకున్నవి కావు, అయినా విన్నాను, సంతోషపడ్డాను, అబద్ధమెందుకు. దండలు తెచ్చిన పిల్లలకి, మైకు పెట్టినాయనకి, వంట చేసిన మెస్ వాళ్లకి కృతజ్ఞతలు. బఫే పెడతామంటే నేనే వద్దని బల్లలు వేయించి పంక్తి పెట్టించాను. మొదటి బల్ల దగ్గర ఈరమ్మ కూర్చుంటుంది. ఎడమ చేత్తో తింటుంది. జరిగి కూర్చోవాలనిపించేవాళ్లు ఇప్పుడే బయల్దేరవచ్చు, మెట్రో దగ్గరే. ఆవిడకి ఇటుపక్క నేను కూర్చుంటాను. అటుపక్క కుర్చీ మీద డాక్టర్ రఘువీర్ గారి పేరు రాయించి పెట్టాను.

లే ఈరమ్మా, అన్నం చల్లారుతోంది. ఇక నాకు సెలవు.