పెద్దగరిటె, చిన్న పళ్లెం

ఏ పళ్లెం? ఓ, ఆ మేకుకి తగిలించినదా. దాన్ని తీసి పాత సామాన్లో పడేయకమ్మా, అలాగే ఉండనీ. వార్డెనుగా ఇవాళే చేరావు, అప్పుడే నీ కళ్లు దానిమీద పడ్డాయంటే హాస్టలు బాగానే నడుపుతావు. సాసరంత ఉంది, ఇందులో ఎవరు తింటారనేగా నీ అనుమానం? ఈ హాస్టల్లో అందరికంటే భారీ మనిషి తిన్నాడు. కూర్చో, వడ్డనకి ఇంకా టైముంది.

నేనిక్కడ లెక్కలు చెబుతూ హాస్టలు కూడా చూసుకునేవాణ్ణి. ఆయన వంటమనిషి. రిజిస్టర్లో ఏదో పేరుండేది గానీ పిల్లలు పెద్దగరిటె అన్నారు, అదే నిలిచిపోయింది. ఆ భుజాలూ ఆ పొట్టా చూస్తే నువ్వైనా అదే అనేదానివి. ఆయనకి ముందున్నవాడు పాచిపోయిన కూర వడ్డించి నలభైమంది పిల్లల్ని మంచం ఎక్కించి పోయాడు. అప్పట్నుంచి పిల్లలు గిన్నె మూత తీస్తే వాసన చూసి వెనక్కి జరిగేవాళ్లు. ఈయన వచ్చిన మొదటిరోజు ఏం చేశాడూ, ఇదిగో, ఈ గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని, కంచం నిండా పెట్టుకుని, లైన్లో ఉన్న రెండొందల మంది ఎదురుగా మొత్తం తిన్నాడు. మెతుకు మిగల్చలేదు. ఖాళీ కంచం మీద గరిటెతో ఒక్కటి కొట్టి, "నేను పడిపోలేదు. ఇక మీరు రండి" అన్నాడు. అదే ఆచారమైపోయింది. పన్నెండేళ్లు. ఆ చప్పుడు వినపడందే ఒక్కడు కంచం చాచేవాడు కాదు.

ఆ తర్వాత అన్నం మెత్తబడటం మొదలైంది. నవ్వకు, అసలు సంగతి అక్కడే ఉంది. ముందు కాస్త పలుకు తగ్గింది, తర్వాత ముద్దయింది, రెండు నెలలు తిరిగేసరికి దాదాపు గంజి. కూరలో ముక్క కనపడితే ఒట్టు. "మాస్టారూ, మాకింకా పళ్లున్నాయని పెద్దగరిటెకి చెప్పండి" అని పిల్లలు నా దగ్గరికొచ్చారు. నేను వంటింట్లోకి వెళ్లి, అందరూ వింటుండగానే, ఏమయ్యా, వంట మరిచిపోయావా అని అడిగాను. ఆయన తల దించుకుని, రేపట్నుంచి చూస్తాను మాస్టారూ అన్నాడు. లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో చూడకుండా పిల్లాణ్ణి కేకలెయ్యకూడదని స్కూల్లో అందరికీ చెప్పేవాణ్ణి నేనే. వాళ్లావిడ అక్కడే కూరలు తరిగేది. నా వెనకే వరండాలోకొచ్చి మెల్లిగా చెప్పింది, ముద్ద గుండెల దగ్గర ఆగిపోతోందనీ, నీళ్లు తాగి లోపలికి తోస్తున్నాడనీ. పిల్లల ఎదుట కంచం ఖాళీ చెయ్యాలి కదా. అందుకని తనకి దిగేలా వండుతున్నాడు. రెండొందల మందికీ ఆయన గొంతు కొలతతో వంట.

క్యాన్సరన్నారు. ఆపరేషన్ చేసి, తిండి దిగే గొట్టం తీసేసి, పొట్టనే పైకి లాగి మెడ దగ్గర కలిపి కుట్టారు. డాక్టరు నాకు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు, ఇప్పుడు లోపల సంచి లేదండీ, సన్నటి గొట్టమే, కొంచెం కొంచెంగా వెయ్యాలి అని. బతకడం ఒక ఎత్తు, ఆ తర్వాత తినడం ఇంకో ఎత్తమ్మా. రోజుకి ఏడుసార్లు, ప్రతిసారీ గుప్పెడు. తింటూ నీళ్లు తాగకూడదు. తిన్నాక వంగకూడదు, వంగితే తిన్నది నోట్లోకొచ్చేది. నాలుగు దిండ్లు పెట్టుకుని కూర్చున్నట్టే నిద్ర. ఒక్క ముద్ద ఎక్కువైతే చెమటలు, గుండె దడ, ఆపైన బాత్రూముకి పరుగు. పరుగంటే మాటవరసకి, నడిచే ఓపికెక్కడిది? నేను చూడ్డానికెళ్తే గోడ పట్టుకుని, "స్నానం చేసొచ్చాను మాస్టారూ, ఇవాళ్టికి డ్యూటీ అయిపోయింది" అని నవ్వేవాడు. వాళ్లావిడ హాస్టలు గరిటె ఇంటికి పట్టుకెళ్లింది. ఖాళీ బకెట్లో రోజూ తిప్పేవాడు. మొదటివారం పది తిప్పులు, తర్వాత పదిహేను. ఓ రోజు హుషారుగా యాభై తిప్పి మర్నాడంతా లేవలేదు. అలిసిపోయాక ఆగితే లాభం లేదు మాస్టారూ, అలవకముందే ఆగాలి అని నాకే పాఠం చెప్పాడు. ఇప్పుడీ వయసులో ఆ పాఠం నాకు బాగా పనికొస్తోందిలే.

ఎక్కడున్నాను? ఆ, అయిదో నెల్లో పన్లోకి వచ్చాడు, అందాకా బదులు మనిషొకడు వండి, తిని చూపించేవాడు. చొక్కాలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. అయినా అదే స్టూలు, అదే పాత కంచం, నిండుగా పెట్టుకున్నాడు. నేను వద్దనాల్సింది, అనలేదు. ఆయన మళ్లీ అలా కూర్చుంటే చూడాలని నాకూ ఉండేది. సగం కూడా కాలేదు, మొహం పాలిపోయింది, చొక్కా తడిసి ముద్దయింది, గుండెమీద చెయ్యేసుకుని బియ్యం బస్తాల మీదికి ఒరిగిపోయాడు. లైను మొత్తం చూస్తోంది. ఇంకెవరు తింటారు? రెండొందల కంచాలు ఖాళీగా వెనక్కెళ్లాయి. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట, తన వంట తిని వంటవాడే పడిపోయాట్ట అని. మర్నాడు హాస్టలు కమిటీ కూర్చుంది. పెద్ద ఎవరంటే పిండిమర ఆయన. చెడ్డవాడు కాదు, ఆయన తమ్ముడి పిల్లలు ఇక్కడే తినేవాళ్లు, భయం ఉంటుందిగా. తన వంట తాను తినలేనివాణ్ణి పొయ్యి దగ్గర ఎలా ఉంచుతాం, గేటు దగ్గర కుర్చీ వేద్దాం, హాయిగా కూర్చుంటాడు అన్నాడు. పెద్దగరిటెని తీసుకెళ్లి గేటు దగ్గర కూర్చోబెడతారట.

పెద్దగరిటె గోడకి ఆనుకుని నిలబడ్డాడు. జేబులోంచి ఈ పళ్లెం తీశాడు. నిన్న తప్పు వంటది కాదు, నాదే, కొత్త పొట్ట పెట్టుకుని పాత కంచంలో తిన్నాను అన్నాడు. ఇకమీదట ఇందులో తింటాను, ప్రతి గిన్నెలోంచీ ఒక చెంచా, వడ్డనకి గంట ముందు అన్నాడు. పిండిమర ఆయన ఆ పళ్లెం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది పిచ్చుక మేతయ్యా. దీంతో పిల్లలకేం నమ్మకం?"

అప్పుడన్నాడమ్మా. "నా పాత పొట్ట రాళ్లేసినా అరిగించుకునేదండీ. పన్నెండేళ్లు దాని సాక్ష్యం నమ్మారు. ఇప్పుడున్నది ఏ కాస్త తేడా వచ్చినా అరగంటలో చెప్పేస్తుంది. మీ పిల్లలకి ఏ పొట్ట సాక్ష్యం కావాలో మీరే చెప్పండి." పిండిమర ఆయన పళ్లెం తుడిచి ఆయన చేతికిచ్చాడు.

ఇక చూడు. గరిటె కాడ కోయించి పొట్టి చేసుకున్నాడు. ఎత్తుపీట మీద కూర్చుని పది తిప్పులు, ఆగడం, మళ్లీ పది. వాళ్లావిడ తరుగుతూనే లెక్కపెట్టేది, పదకొండోది తిప్పితే కత్తిపీట దగ్గర్నుంచి దగ్గేది. ఈ పళ్లెంలో తిని, నమిలి నమిలి మింగి, ఆ తర్వాత అరగంట ఈ హాలు ఆ చివర్నుంచి ఈ చివరికి నిటారుగా నడిచేవాడు. పిల్లలు కిటికీల్లోంచి చూసేవాళ్లు. అరగంటయ్యాక పళ్లెం మీద ఒక్కటి కొట్టేవాడు. తీపి తింటే ఆయనకి ఆ చెమటలూ దడా వచ్చేసేవి, అందుకని తీపి చేసిన రోజు మాత్రం వాళ్లావిడే తినేది. "అందులో నేను సాక్షిని కాదు మాస్టారూ, ముద్దాయిని" అనేవాడు. మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నట్టే కునుకు తీస్తే, ఎవరూ చెప్పకుండానే పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్లు. అలా తొమ్మిదేళ్లు వండాడు. ఆ రోగం మళ్లీ రాలేదు, పెద్దతనం వచ్చి తీసుకెళ్లింది.

ఒక రోజు చెప్పాలి నీకు. నడుస్తూ నడుస్తూ సగం హాల్లో ఆగిపోయాడు. నుదుటి మీద చెమట. బల్ల పట్టుకున్నాడు. బయట లైను నిలబడి ఉంది, ఆకలి మీదున్నారు. నేను దగ్గరికెళ్లి చెవిలో అడిగాను, ఈసారి ఎవరికీ వినపడకుండా, ఇది నీ ఒంట్లోదా, కూరలోదా అని. "తెలీదు మాస్టారూ. తెలీనప్పుడు వడ్డించకూడదు" అన్నాడు. ఆ కూర నిజంగా పాడైందో, ఆయన ఒంట్లో నలతో నాకీ రోజుకీ తెలీదు. పారబోయడానికి ఆ పెద్ద గిన్నె ఒక చెవి వాళ్లావిడ పట్టుకుంది, రెండో చెవి నేను పట్టుకున్నాను. పిల్లలకి చెబితే ఒక్కడు గొణగలేదు, తెలుసా? గంటసేపు నిలబడ్డారు. ఉత్త అన్నం, ఉడకబెట్టిన గుడ్డు. రెండోసారి పళ్లెం మోగాకే కంచాలు చాచారు. ఏ హాస్టల్లో అయినా చూపించు అలాంటిది. నేను గిన్నె కడిగి తెచ్చి పెడుతుంటే ఆయన బల్ల మీదికి వాలి, నావైపు చూడకుండా అడిగాడు. "అన్నం ఇవాళ పలుకుగా ఉందా మాస్టారూ?"

నేనా? నేనేమన్నానంటే...

విన్నావా, మోగింది. మేకు చూడు, ఖాళీ. మనం మాటల్లో ఉండగా ఎప్పుడు తీసుకెళ్లాడో ఇప్పటి వంటాయన. లే, కంచం తీసుకో.