కాచిన నీళ్ళు

నీళ్ళ గురించి సలహా చెప్పడానికి సైకిలు మీద వచ్చిన ఆరోగ్యశాఖ మనిషి గుమ్మంలో చెమటలు కక్కుతున్నాడు. ఆ ఇంటి పెద్దావిడ ఉసూరుమంటూ గ్లాసుతో నీళ్ళు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“యుద్ధం అయిపోయేదాకా నీళ్ళు కాచే తాగాలమ్మా. బాంబులకి పైపులు పగిలి మురికి కలుస్తోంది.”

“ఎప్పుడు కాచమంటావు నాయనా? పగలు పొయ్యి రాజేస్తే పొగ చూసి విమానాలొస్తాయంటిరి.”

“రాత్రి కాచుకోండి.”

“రాత్రి మంట కనపడకూడదని మొన్న వీధివీధీ తిరిగి అరిచింది నువ్వు కాదూ?”

“అది వేరే శాఖవాళ్ళు చెప్పమన్నారమ్మా. తలుపులు బిగించుకుని...”

“బిగించుకుని కట్టెల పొగకి చావమంటావా? శాఖలు వేరైనా నోరు ఒకటేగా! సరే, ముందు ఆ నీళ్ళు తాగు.”

అతను గ్లాసులోకి చూశాడు. మెల్లగా అరుగు మీద పెట్టేశాడు.

“ఏం, గొంతు దిగదా? నా మనవరాలికి అవే దిగాయి. వాంతులూ విరేచనాలతో తోటకూర కాడలా వేలాడిపోయింది, చూడు లోపలికొచ్చి!”

అతను గుమ్మంలోంచే లోపలికి తొంగిచూశాడు.

“ఒక పని చెయ్యండమ్మా. నీళ్ళు గుడ్డతో వడకట్టి, తేరాక తెల్ల సీసాల్లో పోసి, పొద్దున్నించి సాయంత్రందాకా మంచి ఎండలో పడుకోబెట్టండి. క్రిములు చాలావరకు చస్తాయి. పొయ్యితో పనే లేదు.”

“ఇది నీకు ఇప్పుడే తెలిసిందా?”

“ముందే తెలుసమ్మా. కాచమని చెప్పమన్నారు, అదే చెప్పాను.”

పెద్దావిడ భగభగలాడుతున్న వాకిట్లోకి చెయ్యి చూపించింది.

“మరి ఆ ఎండ ఏ శాఖ కింద ఉంది నాయనా?”