నువ్ పుట్టిన నాటి ఇమానం

"అమ్మమ్మా, నా ఫ్లైట్ మళ్లీ లేటట. అసలు పంపిస్తారా లేదా వీళ్లు?"

లేటైతే అవనీ గుంటా. తిట్టకు వాళ్లని. ఇలగొచ్చి నా కాడ కూకో. నువ్ పుట్టిన నాడు ఏటయ్యిందో నీకెవులూ సెప్పనేదా?

మీ తాతకి కంటి ఆపరేసనని హైదరాబాదులో మీ పెద్దమావ ఇంట్లో ఉన్నాం. మీ అమ్మకి నెలలు నిండనేదు గదా, పర్వానేదని నా సెల్లెల్ని తోడుంచి ఎల్నాం, ఇక్కడ దువ్వాడలోనే. పొద్దున్నే ఫోను. నొప్పులొచ్చీసినాయి, బీపీ ఎక్కువైపోనాది, మద్దిలపాలెం ఆస్పత్రిలో సేర్సినాం, బేగి రండని. రైలైతే మర్నాటికి గాని రాదు. మీ మావ అప్పటికప్పుడు ఇమానం టిక్కెట్లు తీసాడు. అదే మొదలు మాకు ఇమానం ఎక్కడం. భయమేటీ తెల్దు, మీ అమ్మ మొకమే కళ్లల్లో.

ఇశాపట్నం వొచ్చీసినాం. ఒకటే గాలి, వాన. కిటికీలోంచి పోర్టులో ఓడలు మసగ్గా కనపడతన్నాయి. దిగతంది, దిగతంది, ఇళ్ల మీదికొచ్చీసింది... సర్రుమని మళ్లీ పైకి లేసిపోనాది! ఇంకోసారీ అంతే. ఆనక ఎనక్కి హైదరాబాదే తీసుకుపోనారు.

అక్కడ దిగీసరికి, ఓలమ్మ, జనం ఒకటే అరుపులు. "ఊరు కనిపించింది గదా, దింపడానికేటి రోగం?" అని. మీ తాత నోరెత్తని మనిషి, నీకు తెల్సు గదా, ఆయనా లేసి నిలబడి, "నా కూతురు అక్కడ సావుబతుకుల్లో ఉంది బాబూ" అని ఏడిసీసాడు.

అప్పుడు పైలెట్ బయటికొచ్చాడు. కుర్రోడే... కాదులే, నలబయ్యుంటాయి. సొక్కా సెమటకి తడిసిపోయుంది. మీ తాత సెయ్యట్టుకుని, "పెద్దాయనా, దింపితే దిగొచ్చు, దిగకపోవచ్చు. ఆ దిగొచ్చు అన్న మాట మీద ఇంతమంది ప్రాణాలు పెట్టలేను. మీ అమ్మాయికి మీరు కావాలి గదా" అన్నాడు. మీ తాత ఆ సేతులు ఒగ్గనేదు.

మర్నాడు తెరిపిచ్చింది. దిగి ఆస్పత్రికి లగెత్తినాం. ఏ మాట వినాలో అని గుమ్మం కాడే దేవుడికి దణ్ణవెట్టుకున్నాను. తలుపు తీసి సూత్తే, మీ అమ్మ కళ్లిప్పి మాకేసే సూత్తంది. పక్కన పిడికెడంత నువ్వు! "ఇమానం దిగనేదంటే, మీకేటయ్యిందోనని..." అని నన్ను వాటేసుకుని ఏడుపు. మేం దాని కోసం బెంగెట్టుకుంటే, అది మా కోసం!

ఆ బాబు పేరైనా అడగనేదు మేం. ఏ తల్లి కన్న బిడ్డో, సల్లగుండాలి.

నువ్వూ అంతే తల్లీ, సల్లగా ఎల్లు, సల్లగా దిగు. నిండు నూరేళ్లూ... ఇంతకీ ఏటైనా తిన్నావా? ఉండు, రొండు ముద్దలు కలిపి తెత్తాను...