ఊరికే నవ్వలేదు

పత్రికమ్మాయి నాలుగింటికి వస్తుందని రేడియో మెకానిక్ చెప్పిన దగ్గర్నుంచి కుట్టుమిషను అత్తకి కుట్టు మీద మనసు లేదు. అరవైల్లో వచ్చిన ‘ఊరికే’ పాటల మీద ఆ అమ్మాయి ఏదో పెద్ద వ్యాసం రాస్తోందట. ఊరికే అన్న మాటతో మొదలయ్యే పాటలు నాలుగేళ్లలో ఏడొచ్చాయి. ఏడూ జనాన్ని ఊపేశాయి. అసలు ఆ మాట మొదట ఎవరి నోట్లోంచి వచ్చిందో కనుక్కుని, ఆ పేరు అచ్చు వెయ్యాలని ఆమె పట్టుదల.

ఆ నోరు ఎవరిదో అత్తకి తెలుసు. తనదే.

ముప్ఫై ఏళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఇవాళ చెప్పేద్దామని పొద్దున్నే పెట్టె అడుగునుంచి మంచి బట్టలు తీసి ఇస్త్రీ చేసుకుంది. ఆమె కుట్టు కొట్టుకీ, రేడియో కొట్టుకీ కలిపి ముందు ఒకటే వసారా. తన మిషన్ని ఆ వసారాలో మెకానిక్ బల్ల దాకా జరుపుకుని, ఏమీ ఎరగనట్టు ఎవరిదో చొక్కా కాలరు ముందేసుకుని కూర్చుంది.

నాలుగయింది. అమ్మాయి వచ్చింది. ఆమె వెనకాలే, ఎవరూ పిలవకపోయినా, అత్త అన్నగారు కూడా వచ్చాడు. ఉన్న ఒక్క కుర్చీలోనూ ఆయనే కూర్చున్నాడు.

పాత పాట వినబడితే చాలు, దాని పల్లవి తానిచ్చిందే అంటాడు గనక ఆయన్ని వీధిలో అందరూ పల్లవి బాబాయ్ అంటారు. అది గౌరవమనుకుంటాడాయన. రేడియో బాగుచేయించుకోవడానికొచ్చిన లెక్కల మేష్టారు ఆయన్ని చూసి, లేవబోయినవాడల్లా మళ్లీ స్టూలు మీద చతికిలబడ్డాడు. ఉచితంగా దొరికే వినోదం వదులుకోవడం ఆయన లెక్కకి కుదరదు.

మెకానిక్ పాత రికార్డుని గుడ్డతో తుడిచి ముల్లు దించాడు. ఏడింటిలోనూ మొదటిది, ‘ఊరికే అడిగాను’. రెండో చరణం అయిపోయి పల్లవి మళ్లీ అందుకునే చోట ఒక నవ్వొస్తుంది. మూడు మెట్లు గబగబా ఎక్కి, నాలుగో మెట్టు మీద కాలు తట్టుకున్నట్టు ‘హుక్’ మని ఆగిపోయే నవ్వు. ఆ నవ్వు కోసమే రికార్డు కొన్నవాళ్లున్నారు. కాలేజీ ఆడపిల్లలందరూ దాన్ని నేర్చుకోవాలని చూశారు. మూడు మెట్లూ ఎక్కారు గానీ చివరి ‘హుక్’ ఎవరి గొంతులోనూ పలకలేదు. అది ఆ పాట పాడిన గొప్ప గాయని నవ్వేనని లోకం అనుకుంది. రికార్డు మీద ఆడవాళ్ల పేరు అదొక్కటే ఉంది మరి.

పాట అయిపోయింది. పత్రికమ్మాయి టేపు రికార్డరు మీట నొక్కి, “ఇంతకీ ఈ ఊరికే అన్న మాట ఎవరిచ్చారో మీలో ఎవరికైనా తెలుసాండీ?” అంది.

అత్త పెదాల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి. వాటిని తీసి జాకెట్టుకి గుచ్చుకునేలోపు అన్నగారు గొంతు సవరించుకున్నాడు.

“నేనే,” అన్నాడు. “నేనంటే గొప్ప చెప్పుకోవడం కాదమ్మాయీ, గొప్పలు నాకు గిట్టవు. ఏదో పనుండి ఆవేళ స్టూడియోకి వెళ్లాను. లోపల పాటలు రాసే ఆయన జుట్టు పీక్కుంటున్నాడు. ఎందుకడిగావని హీరో అన్నాడు, దానికి హీరోయినేం చెప్పాలి? పొద్దున్నుంచీ రాసి రాసి చింపేస్తున్నాడు, గదిలో మోకాల్లోతు కాగితాలు. నేను గుమ్మంలో నిలబడి, ‘ఊరికే అని చెప్పించండి’ అన్నాను. అంతే. అంతకుమించి నేనేం చెయ్యలేదు.”

“అంతేనా?” అన్నాడు మెకానిక్, చిన్నబుచ్చుకుని.

“అంతే అని ఎవడన్నాడు? ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

అత్త సూదుల్ని మళ్లీ పెదాల మధ్య పెట్టుకుంది. ఒళ్లు మండిపోతోంది ఆమెకి. గుమ్మంలో నిలబడ్డాడట. స్టూడియో గేటు దగ్గరి కాపలావాడు ఈయన్ని గేటు లోపల ఒక్క అడుగు పెట్టనిచ్చిన పాపాన పోలేదు. కోరస్ పాడే చెల్లెలికి తోడుగా రావడం, గేటు బయట సైకిలు మీద కూర్చోవడం, ఆమె రాగానే ‘ఎవరితోనైనా మాట్లాడావా?’ అని ఆరా తియ్యడం, ఇదీ ఆయనకున్న పని.

లోపల జరిగింది వేరు. నలుగురాడపిల్లలు ఒకే మైకు ముందు ఒకళ్ల భుజం ఒకళ్లకి తగులుతూ నిలబడేవాళ్లు. ఆరోజు వేణువు వాయించే ఆయన వేణువు పెదాల మీదే పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. ఊపిరి వదిలినప్పుడల్లా వేణువు దానంతటదే ‘కూ’ మంటోంది. ఆమెకి నవ్వాగలేదు. పాటలు రాసే ఆయన గిర్రున తిరిగి, “ఎందుకమ్మా నవ్వుతున్నావ్?” అన్నాడు. పని పోతుందని హడలిపోయి, “ఊరికేనండీ,” అంది. ఆయన తొడ చరుచుకుని, అదే కాగితం మీద పెట్టాడు. ఆ కాగితమ్మీద మాట మిగిలింది. మనిషి మిగల్లేదు.

“ఆ తర్వాత,” అంటున్నాడు అన్నగారు, “సంగీతం ఆయన వరస కట్టాడు, నాకు నచ్చలేదు. ఇది పాటా, పళ్లపొడి ప్రకటనా అన్నాను. మొహం పాలిపోయింది పాపం. హార్మోనియం ఇటు తిప్పు అని నేనే కట్టేశాను. రికార్డింగు మొదలైంది, ఎర్రలైటు వెలిగింది, ఇంతలో కరెంటు పోయింది. అందరూ చేతులెత్తేశారు. నేను ఊరుకుంటానా? నా సైకిలు లోపలికి తెప్పించి, స్టాండు వేయించి, డైనమో తీగ మిషన్లకి కలిపించి తొక్కడం మొదలెట్టాను. ఆ పాట మొత్తం నా కాళ్ల మీద నడిచిందంటే నమ్ముతారా?”

“మరి రెండో చరణం కొంచెం జోరుగా ఉంటుందేం?” అన్నాడు మేష్టారు.

“కుక్క, మేష్టారూ. స్టూడియో కుక్క నా పిక్క పట్టుకోవడానికొచ్చింది. ప్రాణభయంతో తొక్కాను. జోరుగా బావుందని అలాగే ఉంచేశారు.”

పత్రికమ్మాయి రాసుకుంటూనే ఉంది. నవ్వాపుకుంటోందో, నమ్ముతోందో అత్తకి తేలలేదు. ఆ పెన్ను కదిలినప్పుడల్లా తన గొంతు మీదే ఎవరో గీత గీస్తున్నట్టుంది. రేపు అచ్చులో ఈయన పేరు పడితే ఇక అంతే. అచ్చయిన అబద్ధం ముందు బతికున్న మనిషి ఎంత అరిస్తే మాత్రం ఎవరికి వినబడుతుంది?

“రెండో పాట, ‘ఊరికే అలిగాను’, మంగలి కుర్చీలో ఇచ్చాను. సగం గడ్డం గీయించుకున్నానో లేదో కారు పంపించారు. ఆ మిగతా సగం మూడో పాట దాకా అలాగే ఉండిపోయింది. సినిమా హాళ్లలో జనం ఆ పాట మళ్లీ వెయ్యి, మళ్లీ వెయ్యి అని వేయించుకుని వేయించుకుని, ఆ ఫిల్ము ముక్క అరిగిపోయి చివరికి తెర మీద హీరోయిన్ది ఒక్క చెయ్యే మిగిలింది. ఆ చేతిని చూడ్డానికి మళ్లీ జనం. ఇక నాలుగో పాటకొచ్చేసరికి పసిపిల్లలకి అమ్మా అనే మాట ముందు రావడం మానేసింది. నోరు తెరిస్తే ఊరికే. కోర్టులో జడ్జీగారు, ‘ఆ ఇంటికి ఎందుకు కన్నం వేశావురా?’ అంటే దొంగ, ‘ఊరికేనండీ’ అన్నాడు. జడ్జీగారు కూడా ఆ పాట వినే వచ్చాడేమో, సరేలే పొమ్మన్నాడు. జైళ్లు ఖాళీ. సరిహద్దులో రెండు సైన్యాలు కొట్టుకుంటున్నాయి. ఇటువాడు, ‘ఎందుకురా కాలుస్తున్నావ్?’ అని అరిచాడు. అటువాడేమన్నాడు?”

“ఊరికే,” అన్నాడు మెకానిక్.

“అదీ. ఇద్దరూ తుపాకులు కిందపెట్టి కూర్చున్నారు. యుద్ధం ఆపిన మాట అది. ఆ మాట ఇచ్చినవాడెక్కడున్నాడు? ఇదిగో, ఈ విరిగిన కుర్చీలో.” ఆయన గొంతు నిజంగానే వణికింది. “రికార్డు మీద పాడినామె పేరుంది, రాసినవాడి పేరుంది, వరస కట్టినవాడి పేరుంది. కంపెనీ గుర్తుకి కూడా చోటుంది. నా పేరుకి లేదు. మనిషి నోట్లోంచి మాట లాక్కుని, ఏళ్ల తరబడి వాడుకుని, పేరు కూడా చెప్పకపోతే దాన్నేమంటారు? దొంగతనం కాదూ? వాళ్లకి సిగ్గుండొద్దూ?”

“ఉండాలి,” అంది పత్రికమ్మాయి మెల్లగా.

అత్త మిషను ఆపేసింది. ఇన్నేళ్లలో అన్నయ్య నోట్లోంచి ఒక్కటంటే ఒక్క నిజం వచ్చింది, అదీ ఆమె మాటే. పక్క మీద వాలి కన్ను మూతపడేదాకా ఆమె తనలో తాను అనుకునే మాట, అక్షరం పొల్లుపోకుండా. అది కూడా ఎత్తుకుపోయాడు.

మొదటి పాట హిట్టయిన వారం ఆమె అన్నయ్యతో అంది, ఆ మాట నాదేనని వాళ్లతో చెప్తానని. ‘ఊరికే ఉండు’ అన్నాడు. ‘నీ గొంతు ఊరంతా వింటోందని తెలిస్తే రేపు నిన్నెవడు చేసుకుంటాడు? అడిగినవాళ్లకి కుట్టు నేర్చుకుంటున్నానని చెప్పు.’ చెప్పింది. చెప్పిన అబద్ధం బయటపడకుండా నిజంగానే కుట్టు నేర్చుకుంది. కట్టుకున్నవాడు పోయాక అన్నం పెట్టింది ఆ అబద్ధమే.

“మరి ఆ నవ్వు?” అంది పత్రికమ్మాయి. “ఆ నవ్వు సంగతేమిటండీ? అది ఆ గాయనిది కాదనీ, ఆమే ఎవరితోనో అందనీ విన్నాను.”

అత్త చెయ్యి పెదాల మీది సూదుల దగ్గరికి వెళ్లింది.

“అదా,” అన్నాడు అన్నగారు. కాలు మీద కాలు వేసుకున్నాడు. “ఇది నేనెవరికీ చెప్పలేదు. ఆమెకి ఆరోజు గొంతు పట్టేసింది. నవ్వు రాదే. కంపెనీవాళ్లు కాళ్లావేళ్లా పడ్డారు. సరే అని, ఒక పక్క సైకిలు తొక్కుతూనే, ఆడగొంతు పెట్టి నేనే నవ్వేశాను.”

“మీరా?”

“అనుమానమా? వినండి.”

బొటనవేలూ చూపుడువేలూ కలిపి గొంతు పట్టుకుని, కళ్లు మూసుకుని, మెడ సాచి ఆయన నవ్వాడు. నూనె వెయ్యని తలుపుని ఎవరో మూడుసార్లు తెరిచినట్టుంది. నాలుగోసారికి పైపళ్ల కట్టు ఊడి ఒళ్లో పడింది. వీధిలో పోతున్న సైకిలాయన వెనక్కి తిరిగి తన చక్రం వంక చూసుకున్నాడు.

కోపంతో బిగించుకున్న అత్త పెదాలు ఎలా విడిపోయాయో ఆమెకే తెలీదు. కునుకుతూ కూ అన్న ఆ వేణువు మనిషి కళ్ల ముందుకొచ్చాడు. సూదులు నాలుగూ కాలరు మీద రాలాయి. నవ్వు మూడు మెట్లు గబగబా ఎక్కి, నాలుగో మెట్టు మీద ‘హుక్’ మని ఆగింది.

మెకానిక్ మెల్లగా లేచి, రికార్డు మళ్లీ తిరగనిచ్చి, రెండో చరణం చివర ముల్లు దించాడు. రికార్డు నవ్వింది. మూడు మెట్లు, ‘హుక్’. అతను ముల్లు ఎత్తి అత్త వంక చూశాడు. పదేళ్లుగా గోడకి గోడ ఆనుకుని బతుకుతున్న మనిషిని ఇప్పుడే చూస్తున్నట్టు చూశాడు.

“అత్తా,” అన్నాడు. “నువ్వా?”

అన్నగారు పళ్లు తుడిచి పెట్టుకుంటున్నాడు. “మా ఇంట్లో అందరిదీ అదే నవ్వు,” అన్నాడు. “వంశపారంపర్యం.”

“అయితే ఏదీ, నువ్వింకోసారి నవ్వు,” అన్నాడు మేష్టారు.

ఆయన నవ్వలేదు. చెల్లెలి వైపు తిరిగి, పళ్ల బిగువున, “ఊరికే ఉండవే. బయటివాళ్ల ముందు ఇంటి పరువు తియ్యకు,” అన్నాడు.

“ముప్ఫై ఏళ్లున్నాను, అన్నయ్యా,” అంది ఆమె, రాలిన సూదులు ఒక్కొక్కటే ఏరుకుంటూ. “నువ్వు చెప్పావని ఊరికే ఉన్నాను. ఆ మాట ఊరికే ఇచ్చాను. రికార్డింగులో మళ్లీ అలాగే నవ్వమంటే ఆ నవ్వూ ఊరికే ఇచ్చాను. ఏడు పాటలు ఆడాయి దాని మీద. పోనీ, ఎవరో పరాయివాళ్లు తిన్నారనుకున్నాను. నువ్వు కూడా ఎంగిలి చేస్తావనుకోలేదు. గేటు దాటి లోపలికి రానిచ్చారా నిన్ను ఏనాడైనా? ఆ గది తలుపుకి ఏం రంగుందో చెప్పు.”

అన్నగారు మేష్టారి వంక చూశాడు. మేష్టారు తన రేడియో వంక చూసుకున్నాడు.

“ఎరుపు,” అన్నాడు అన్నగారు చివరికి.

“తలుపే లేదు. దళసరి దుప్పటి కట్టేవాళ్లు, చప్పుడు రాకుండా.”

పత్రికమ్మాయి నోటుపుస్తకంలో నాలుగు పేజీలు ఒకేసారి తిప్పి కొత్త పేజీ తెరిచింది. టేపు రికార్డరు బల్ల మీంచి తీసి మిషను మీద, కాలరు పక్కన పెట్టింది. “అమ్మా, దగ్గరగా కావాలి నాకు. ఆ నవ్వు మళ్లీ ఒక్కసారి నవ్వుతారా?”

అత్త ఆ చిన్న యంత్రం వంక చూసింది. లోపల రెండు చక్రాలు తిరుగుతున్నాయి. ఈసారి మైకు ముందు ఆమె పక్కన ఇంకెవరి భుజమూ లేదు.

“ఊరికేనా?” అంది. “ముందు నా పేరు రాసుకో, తల్లీ.”

కొమ్మెక్కడో, దీర్ఘమెక్కడో, ఒత్తెక్కడో విడమర్చి ఇంటిపేరుతో సహా చెప్పింది. అమ్మాయి రాసింది. అత్త పుస్తకం తనవైపు తిప్పుకుని, కళ్లజోడు సరిచేసుకుని, కూడబలుక్కుని చదువుకుంది. ఒత్తు ఒకటి తప్పుపోయింది. దిద్దించి, అప్పుడు నవ్వింది.